కొండెక్కితే రాని నొప్పి దిగితే ఎందుకొచ్చింది?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది పర్లాకిమిడి, డిగ్రీ సెకండియర్ చదువుతున్నాను. శివరాత్రికి మా పిన్నితో కలిసి మహేంద్రగిరి నడిచే ఎక్కి నడిచే దిగాను. ఎక్కేటప్పుడు ఊపిరి అందలేదు, దిగేటప్పుడు మాత్రం కబుర్లు చెప్పుకుంటూ హాయిగా దిగిపోయాం. మర్నాడు కాస్త పట్టేసినట్టుంది అంతే, ఆ తర్వాత రోజుకి తొడలు ముట్టుకుంటే చాలు ఏడుపొస్తోంది. మేడ మెట్లు ఎలాగోలా ఎక్కుతున్నాను గాని దిగలేకపోతున్నాను. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది నిమ్మరసం తాగు అని ఫ్రెండ్స్, కండ చిరిగిపోయి ఉంటుందని అన్నయ్య, ఆముదం రాసి గట్టిగా పిసకమని నానమ్మ. మా పిన్ని నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దది, కొండ కింద ఊళ్ళోనే ఉంటుంది, తనకి ఏమీ కాలేదు. ఎందుకలా? నేను చదివింది ఒడియా మీడియం, కండరాల పాఠం బట్టీ కొట్టి రాసేశాను గాని అర్థం కాలేదు, మన మాటల్లో చెప్పండి. ఇంకోటి, వచ్చే ఏడు అమ్మ కూడా వస్తానంటోంది, యాభై దాటింది, తీసుకెళ్ళొచ్చా?

జవాబు: చెల్లీ, మిగతావన్నీ తర్వాత, ముందు ఒక్క సంగతి చూసుకో, మూత్రం ఏ రంగులో వస్తోంది? మామూలుగా ఉంటే కంగారు లేదు, కింద రాసిందంతా నిదానంగా చదువుకో. డికాషన్ రంగులో వస్తున్నా, తొడలు బాగా వాచి బిర్రబిగుసుకుపోయినా, కాలు ఎత్తుదామన్నా లేవకపోయినా ఇది చదవడం ఆపేసి ఆస్పత్రికి వెళ్ళిపో. అలవాటు లేని శ్రమ మితిమీరితే కండరం కణాలు ఎక్కువగా పగిలిపోయి లోపలుండే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలిసి కిడ్నీల్ని దెబ్బతీస్తుంది, రాబ్డోమయోలిసిస్ అంటారు దాన్ని, అరుదే గాని వస్తే రక్తపరీక్ష చేసి సెలైన్ ఎక్కించాలి, ఇంటి వైద్యానికి లొంగేది కాదు. అలాగే రెండు తొడలూ కాకుండా ఒక్క కాలి పిక్కే వాచి వేడిగా ఉంటే అది ఈ నొప్పి కాదు, రక్తనాళంలో గడ్డ కట్టిందేమో ఆ రోజే చూపించుకోవాలి. నువ్వు రాసినదాన్ని బట్టి ఈ రెండూ కనపడట్లేదు, అయినా చెప్పకుండా ముందుకెళ్ళడం నాకిష్టం లేదు.

ఇంక అసలు విషయానికొస్తే, నీ ఉత్తరంలోనే జవాబు సగం ఉంది. మెట్లు ఎక్కగలుగుతున్నాను, దిగలేకపోతున్నాను అన్నావు చూడు, అదే. నీ తొడల్ని దెబ్బతీసింది ఎక్కడం కాదు, నువ్వు హాయిగా దిగాననుకున్న దిగడమే. ఇదెలాగో తెలియాలంటే కండరం లోపలికి వెళ్ళాలి, పాఠంలో బట్టీ కొట్టిన పేర్లే మళ్ళీ వస్తాయి, ఈసారి నీ తొడలోనే చూసుకుందాం.

ఎముకలకి అతుక్కుని మనం అనుకున్నప్పుడు కదిలే కండరాలు ఒంట్లో 600 పైచిలుకు ఉన్నాయి, ఒంటి బరువులో సుమారు 40 శాతం అవే, ఆడవాళ్ళలో కొంచెం తక్కువ. ఇప్పుడు నీకు నొప్పెడుతున్నది తొడ ముందు వైపు కదా, అక్కడుండేది ఒక్క కండరం కాదు, నాలుగు, కలిపి క్వాడ్రిసెప్స్ అంటారు. నాలుగూ కిందికొచ్చేసరికి ఒకే టెండన్‌గా, అంటే కండని ఎముకకి కట్టే తాడులాంటిదానిగా కలిసిపోయి మోకాలి చిప్పని పట్టుకుని దాని మీదుగా ముంగాలి ఎముకకి అతుక్కుంటాయి. ఇవి పొట్టిగా అయితే మోకాలు నిటారుగా సాగుతుంది. కండరం చెయ్యగలిగింది లాగడమే, తొయ్యడం దానికి రాదు, అందుకే ముందు ఒకటుంటే దానికి ఎదురుగా వెనకాల ఇంకోటి ఉంటుంది, మోకాలు మడవాలంటే తొడ వెనకవైపు హ్యామ్‌స్ట్రింగ్స్ లాగాలి.

మేకమాంసం బాగా ఉడికాక పోగులు పోగులుగా విడిపోతుంది కదా, ఆ పోగులే ఫాసికిల్స్, నీ పుస్తకంలో ఉన్నవే. కండరం మొత్తం మీద ఒక పొర, ఒక్కో పోగు మీద ఒక పొర, పోగు లోపలున్న ఒక్కో ఫైబర్ చుట్టూ ఇంకా పల్చని పొర, ఎపి పెరి ఎండో అని మైసియంలు మూడు. ఇవి చివరకొచ్చేసరికి టెండన్‌లో కలిసిపోతాయి, అందుకే ఎక్కడో లోపల ఒక ఫైబర్ లాగినా ఆ బలం ఎముక దాకా చేరుతుంది. ఫైబర్ అంటే ఒకే ఒక్క కణం. వెంట్రుక మందమో అంతకన్నా తక్కువో ఉంటుంది, 10 నుంచి 100 మైక్రోమీటర్లు, పొడవు మాత్రం సెంటీమీటర్లలో. తల్లి కడుపులో ఉన్నప్పుడు బోలెడు చిన్న కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఇది తయారవుతుంది కాబట్టి ఒక్కో దాంట్లో వందలకొద్దీ న్యూక్లియస్‌లు ఉంటాయి.

ఫైబర్ లోపల నిలువునా మయోఫైబ్రిల్స్ అనే దారాలు, మయోఫైబ్రిల్ పొడవునా వరసగా సార్కోమియర్లనే చిన్న గదులు. సార్కోమియర్ ఒక్కోటి రెండు, రెండున్నర మైక్రోమీటర్లు, అంటే ఒక్క సెంటీమీటర్ పొడవులో 4000 నుంచి 5000 దాకా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. అసలు పనంతా ఈ చిన్న గదిలోనే జరుగుతుంది. గదికి రెండు వైపులా Z గీతలనే గోడలు... పుస్తకంలో జెడ్ లైన్ అని రాసుంటుంది, ఆ గోడల నుంచి లోపలికి సన్నటి యాక్టిన్ తీగలు, మధ్యలో లావుపాటి మయోసిన్ తీగలు, మయోసిన్‌కి పక్కల నుంచి చిన్న చిన్న తలలు పొడుచుకొచ్చి ఉంటాయి. గోపాలపూర్ ఒడ్డున మనవాళ్ళు వల లాగడం చూశావా, ఒకరి వెనక ఒకరు నిలబడి తాడుని ఒక పట్టు పట్టి లాగి, వదిలి, ముందుకి పోయి మళ్ళీ పట్టుకుంటారు, అందరూ ఒకేసారి వదలరు, వదిలితే వల సముద్రంలోకే పోతుంది. మయోసిన్ తలలు యాక్టిన్‌ని లాగేది అచ్చం అలాగే. ఒక్కో లాగుకి కదిలేది ఐదు పది నానోమీటర్లే, కానీ లాగే తలలు కోట్లు, సార్కోమియర్లు వరసలో వేలు, అన్నీ కలిసేసరికి నీ కాలు మెట్టు మీదకి లేస్తుంది. ఇక్కడ తాడు పొట్టిదవదు గమనించు, జరుగుతుంది అంతే, యాక్టిన్ మయోసిన్ రెండూ ఉన్న పొడవే ఉంటాయి, ఒకదానిలోకి ఒకటి జారతాయి. 1954లో రెండు జట్లు వేరువేరుగా ఈ సంగతి కనిపెట్టి నేచర్ పత్రికలో ఒకే సంచికలో ప్రకటించాయి, ఒక జట్టులో ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కే, ఇంకో జట్టులో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్. ఇద్దరు హక్స్‌లీలకీ చుట్టరికం ఏమీ లేదు, కలిసిన పేర్లంతే.

లాగమని చెప్పేది నరం. వెన్నుపాము నుంచి వచ్చిన నరం చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వదిలితే ఫైబర్ మీద కరెంటు పాకి లోపల సంచుల్లో దాచుకున్న కాల్షియం బయటికొస్తుంది, ఆ కాల్షియం పోయి యాక్టిన్ మీదుండే ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంటే అప్పటిదాకా యాక్టిన్ మీద అడ్డంగా పడుకుని ఉన్న ట్రోపోమయోసిన్ పక్కకి జరుగుతుంది, తలలకి పట్టు దొరుకుతుంది. పట్టు వదలడానికి మాత్రం ఏటీపీ కావాలి, కణానికి శక్తినిచ్చే అణువు అది. చాలామంది లాగడానికే శక్తి కావాలనుకుంటారు, వదలడానికి కూడా కావాలి. చనిపోయినవాళ్ళ ఒళ్ళు కొన్ని గంటలకి కొయ్యబారిపోతుందే, ఏటీపీ అయిపోయి తలలు పట్టు వదల్లేక అలా ఉండిపోవడం వల్లే. కండరంలో నిలవుండే ఏటీపీ రెండు మూడు సెకన్లకే సరిపోతుంది, తర్వాత క్రియేటిన్ ఫాస్ఫేట్ ఇంకో పది సెకన్లు ఆదుకుంటుంది, ఆ తర్వాత గ్లూకోజు, కొవ్వు, ఆక్సిజన్, అందుకే కొండెక్కుతుంటే అంత ఆయాసం.

ఇప్పుడు కొండ దిగుదాం. ఎక్కేటప్పుడు క్వాడ్రిసెప్స్ పొట్టిగా అవుతూ నిన్ను పైకి లేపింది. దిగేటప్పుడు ముందుకేసిన కాలి మీద బరువు పడగానే మోకాలు మడతపడుతుంది, పూర్తిగా వదిలేస్తే కూలబడిపోతావు, కాబట్టి క్వాడ్రిసెప్స్ గట్టిగా లాగుతూనే ఉంటుంది కానీ బరువు దానికంటే ఎక్కువగా ఉండి దాన్ని సాగదీస్తుంది. లాగుతూ సాగడం, దీన్నే ఎక్సెంట్రిక్ అంటారు. సముద్రం వలని వెనక్కి లాక్కుంటుంటే ఒడ్డున ఉన్నవాళ్ళు వదలకుండా కాళ్ళు తన్నిపెట్టి తాడుని కొంచెం కొంచెంగా జారనిస్తున్నట్టన్నమాట, చేతులు ఒరుసుకుపోయేది అప్పుడే.

లెక్క చూడు. 50 కిలోల మనిషి 1000 మీటర్ల ఎత్తు ఎక్కితే జరిగిన పని సుమారు 117 కిలో కేలరీలు. మహేంద్రగిరి శిఖరం 1501 మీటర్లు గాని నువ్వు మొదలెట్టిన చోటు బట్టి ఎక్కిన ఎత్తు మారుతుంది, లెక్కకి వెయ్యి అనుకుందాం. కండరం తిన్నదాంట్లో పావు వంతే పనికి వాడుతుంది, మిగతాది వేడైపోతుంది, కాబట్టి ఎక్కడానికి దాదాపు నాలుగింతలు, 470 దాకా ఖర్చయ్యాయి. మరి దిగేటప్పుడు? ఆ 117 ఎక్కడికీ పోలేదు, అడుగడుగునా నీ కాళ్ళే దాన్ని ఆపి మింగాలి, ఎక్కువ భాగం మింగేది క్వాడ్రిసెప్సే. ఆయాసం ఎందుకు రాలేదంటే సాగుతూ బరువు ఆపడానికి కండరం ఏటీపీ చాలా తక్కువ వాడుతుంది, పైగా సాగుతున్నప్పుడు ఒక్కో ఫైబర్ పొట్టిగా అవుతున్నప్పటికంటే ఎక్కువ బలం చూపించగలదు. 1952లో ఇంగ్లండ్‌లో అబాట్, బిగ్లండ్, రిచీ అని ముగ్గురు రెండు సైకిళ్ళని వెనక వైపులు కలిసేలా పెట్టి ఒకే చెయిన్ వేసి ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు ఆ పెడళ్ళని ఆపేలా పరీక్ష పెట్టారు, బలం ఇద్దరిదీ సమానమే గాని తొక్కేవాళ్ళకి ఆక్సిజన్ బోలెడు ఖర్చయింది, ఆపేవాళ్ళకి చాలా కొద్ది. నాకు ఈ పరీక్ష చాలా ఇష్టం, కొండ ఎక్కడం దిగడం రెండూ ఒక గదిలో కూర్చోబెట్టి చూపించేశారు.

ఇక్కడే చిక్కు. ఒక్కో ఫైబర్ ఎక్కువ బలం చూపిస్తుంది కాబట్టి మెదడు తక్కువ ఫైబర్లనే పనిలోకి పిలుస్తుంది. పిలిచిన కొద్దిమంది మీదే మొత్తం భారం. సార్కోమియర్లన్నీ ఒకే బలంగా ఉండవు, బలహీనమైనవి ముందు సాగిపోతాయి, కొన్ని తిరిగి తమ చోటికి రాలేవు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే నిటారుగా ఉండాల్సిన జెడ్ గీతలు వంకరటింకరగా చెదిరి కనపడతాయి. మయోసిన్‌ని గోడకి కట్టి ఉంచే టైటిన్ అని ఒకటుంది, మన ఒంట్లోని ప్రొటీన్లలో అన్నిటికంటే పెద్దది, సాగినదాన్ని మళ్ళీ దగ్గరికి లాగేది అదే, దాని మీద కూడా దెబ్బ పడుతుంది. ఫైబర్ పొర చిట్లి కాల్షియం అటూఇటూ అవుతుంది, శుభ్రం చెయ్యడానికి రక్తం నుంచి తెల్ల కణాలు వస్తాయి, కాస్త వాపు, ఆ రసాయనాలకి అక్కడి నరాల చివర్లు సున్నితంగా తయారవుతాయి. ఇదంతా జరగడానికి గంటలు పడుతుంది, అందుకే నొప్పి ఆ రోజు రాదు, 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది, వారం లోపు పోతుంది. ఎక్కడం కంటే దిగడం ఇప్పుడు కష్టంగా ఎందుకుందో అర్థమైంది కదా, దెబ్బ తిన్న ఫైబర్లని మళ్ళీ సాగదీస్తున్నావు.

మీ ఫ్రెండ్స్‌కి చెప్పు, లాక్టిక్ యాసిడ్ పాపం చెయ్యని నేరం మోస్తోంది. పని ఆపాక గంటా గంటన్నరలో రక్తంలో లాక్టేట్, అంటే ఒంట్లో లాక్టిక్ యాసిడ్ ఉండే రూపం, మామూలు స్థాయికి వచ్చేస్తుంది, గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది, లివర్ మళ్ళీ గ్లూకోజు చేసేస్తుంది. రెండో రోజు నొప్పెట్టడానికి అది అక్కడ ఉండనే ఉండదు. పైగా లాక్టేట్ ఎక్కువ తయారయ్యింది నువ్వు రొప్పుతూ ఎక్కినప్పుడు, నొప్పి తెచ్చింది రొప్పకుండా దిగినప్పుడు. నిమ్మరసం దాహానికి తాగు, బాగుంటుంది. మీ అన్నయ్య చెప్పింది మాత్రం పూర్తిగా తప్పు కాదు, 1902లోనే థియోడర్ హఫ్ అనే శాస్త్రవేత్త ఈ ఆలస్యపు నొప్పి కండరం లోపల చిన్న చిన్న చిరుగుల వల్లే వస్తుందని రాశాడు. కానీ కండ చిరగడమంటే మనం భయపడే చిరుగుడు వేరు, అదైతే ఒక్క క్షణంలో కలుక్కుమని అక్కడే నొప్పెట్టి ఒకచోట నల్లగా కమిలిపోతుంది, రెండు తొడలకీ ఒకేలా రాదు.

మరి మీ పిన్ని? కొండ కింద ఊరన్నావు, కట్టెలకో జీడితోటలకో రోజూ ఎక్కి దిగుతూ ఉంటుంది, అవునా? ఒక్కసారి ఈ దెబ్బ తిని కోలుకున్న కండరం రెండోసారికి తయారుగా ఉంటుంది, ఆ రక్షణ కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు నిలుస్తుంది. నరాలు పనిని ఎక్కువ ఫైబర్లకి పంచడం నేర్చుకుంటాయి, ఫైబర్ చుట్టూ ఉన్న పొరలు గట్టిపడతాయి, వరసలో సార్కోమియర్లు పెరిగి ఒక్కోటి తక్కువ సాగితే సరిపోయేలా అవుతుంది. దెబ్బ పెద్దదైతే ఫైబర్ పక్కనే అంటిపెట్టుకుని నిద్రపోయే శాటిలైట్ కణాలు లేచి కొత్త న్యూక్లియస్‌లు అందిస్తాయి, 1961లో మౌరో వీటిని మొదట చూశాడు. మీ పిన్ని వయసు నీకంటే ఇరవై ఏళ్ళు ఎక్కువ, కానీ ఆమె తొడలు దిగిన కొండలు నీవాటి కంటే ఎన్ని రెట్లో! జిమ్‌కి పోయే మగపిల్లలు కూడా కొండ దిగాక మూలుగుతారు, వాళ్ళ కండ లావు చూసి కాదు, ఆ కండకి ఏ పని అలవాటుందో చూసి చెప్పాలి.

ఈ నాలుగు రోజులు ఏం చెయ్యాలంటే, మంచం మీదే ఉండిపోకు. ఇంట్లోనో చదునైన రోడ్డు మీదో మెల్లగా నడిస్తే నొప్పి కాసేపు తగ్గుతుంది. నానమ్మ ఆముదం రాస్తే రాయించుకో, గోరువెచ్చని నీళ్ళు పోసుకో, అరచేత్తో మెల్లగా నిమిరితే హాయిగానే ఉంటుంది, గట్టిగా పిసకడం మాత్రం వద్దని నా మాటగా చెప్పు, ఇప్పటికే దెబ్బ తిన్న చోట కొత్త దెబ్బ ఎందుకు. సాగదీసే ఎక్సర్‌సైజులు చేస్తే తగ్గిపోతుందంటారు గాని దానివల్ల పెద్ద తేడా ఉండదు, మరీ బలంగా సాగదీస్తే ఎక్కువవుతుంది. నొప్పి మాత్రలు, బ్రూఫెన్ లాంటివి, ఖాళీ కడుపున గాని నీళ్ళు సరిగ్గా తాగకుండా గాని వేసుకోవద్దు, కిడ్నీలకి మంచిది కాదు, మరీ తట్టుకోలేకపోతే పారాసెటమాల్ చాలు. తిండికి వేరే పొడులేవీ కొనక్కర్లేదు, ఉలవచారు కాదు ఉలవలే ఉడకబెట్టుకో, పప్పు, గుడ్డు, చేపలు, పొద్దున చోడి అంబలి, మామూలుగా కంటే ఓ గుప్పెడు పప్పు ఎక్కువ. తరవాణి తాగేవాళ్ళు మానక్కర్లేదు, దాంతో పాటు ప్రొటీన్ ఉందో లేదో చూసుకో.

వచ్చే శివరాత్రికి ఇలా అవకూడదంటే నెల ముందు నుంచి మెట్లు దిగడం మొదలెట్టు. అందరూ ఎక్కడం ప్రాక్టీస్ చేస్తారు, నువ్వు దిగడం చెయ్యి. వారానికి రెండు సార్లు, మొదట్లో రెండు మూడు అంతస్తులే, కొంచెం నొప్పి రానీ, పోయాకే మళ్ళీ. కొండ మీద దిగేటప్పుడు అడుగులు చిన్నవి వెయ్యి, పరిగెత్తకు, చేతిలో కర్ర ఉంచుకో, కర్ర మీద పడిన బరువు తొడ మీద పడదు.

అమ్మ సంగతి. తీసుకెళ్ళొచ్చు, కానీ ఈ రోజు నుంచే తయారుచెయ్యాలి. ముప్ఫై దాటాక ఏమీ చెయ్యకుండా ఉంటే పదేళ్ళకి 3 నుంచి 8 శాతం దాకా కండ పోతుంది, అరవై దాటితే ఇంకా వేగం. అందులోనూ ముందు చిక్కిపోయేవి వేగంగా లాగే టైప్ 2 ఫైబర్లు, కాలు జారినప్పుడు తటాల్న నిలదొక్కుకునేది వాటితోనే, అందుకే ఆ వయసులో దిగుతూ పడిపోవడం ఎక్కువ. మంచి కబురేంటంటే ఏ వయసులో మొదలెట్టినా కండ బలపడుతుంది, దిగే పనికి ఆయాసం తక్కువ కాబట్టి పెద్దవాళ్ళకి అదే సులువు. గోడకి ఆనించిన కుర్చీలో అమ్మని కూర్చోమను, దబ్బున కూర్చోవడం కాదు, ఐదు అంకెలు లెక్కపెట్టేంత సేపు మెల్లగా దిగుతూ కూర్చోవాలి, లేచేటప్పుడు చేతులు ఆనించుకున్నా పర్లేదు. రోజు విడిచి రోజు ఎనిమిది పది సార్లు, రెండు వారాలయ్యాక ఇంకో విడత కలపండి, ఆ తర్వాత మేడ మెట్లు పట్టుకుని దిగడం. బీపీకో షుగర్‌కో మందులు వాడుతుంటే, కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ వేసుకుంటుంటే డాక్టరుకి ముందే చెప్పాలి, స్టాటిన్‌తో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, అవీ ఇవీ కలిస్తే ఏది ఏదో తెలీదు. మోకాలు వాచి ఉన్నా, మెట్టు దిగుతుంటే చిప్ప కింద సూదిలా గుచ్చుతున్నా కుర్చీ ఎక్సర్‌సైజు మొదలెట్టకుండా ముందు ఎముకల డాక్టరుకి చూపించండి, బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో ఓపీ ఉంటుంది, పాత రిపోర్టులు ఏమైనా ఉంటే పట్టుకెళ్ళండి.